గాలిచాటు దీవి

డిసెంబరు సెలవులు దగ్గర పడేసరికి అమెరికాలో ఉంటూ స్కూబా (వీపున గాలి సిలిండర్‌తో నీటి అడుగున ఈదడం) నేర్చుకున్న మనవాళ్ళు తరచూ అడిగే మాట ఒకటుంది: కరీబియన్‌లో ఏ దీవికి వెళ్దాం? చాలామంది ఫొటోలూ టికెట్ ధరలూ చూసి తేల్చేస్తారు. నేనైతే ముందు మ్యాప్ తెరిచి, గాలి ఎటు నుంచి వీస్తుందో చూడమంటాను.

అక్కడ హరికేన్ల కాలం జూన్ 1 నుంచి నవంబర్ 30 దాకా. అది దాటాక ఏ దీవైనా ఒకటే అనుకుంటాం. కానీ చలికాలంలో ఉత్తర అమెరికా నుంచి చలిగాలులు గల్ఫ్ ఆఫ్ మెక్సికో మీదుగా దిగి వస్తాయి. మెక్సికోకి చెందిన కొసుమెల్ దీవి, క్యూబా, కేమన్ దీవులు వాటి దారిలోనే ఉన్నాయి. కొసుమెల్ వాళ్ళు ఆ గాలిని 'నోర్తె' అంటారు. అది గట్టిగా వీచిన రోజు రేవు మూసేస్తారు, పడవలు కదలవు. ఐదు రోజుల సెలవులో రెండు రోజులు అలా పోతే ప్రాణం ఉసూరుమంటుంది. దక్షిణానికి వచ్చేకొద్దీ ఆ గాలులు నీరసపడతాయి. 12 డిగ్రీల అక్షాంశం దగ్గర, వెనిజులా తీరానికి చేరువలో ఉన్న బొనేర్‌కు వచ్చేసరికి వాటి బలం దాదాపుగా అయిపోతుంది.

అందుకే నా ఓటు బొనేర్‌కి. ఏడాది పొడవునా అక్కడ వ్యాపార పవనాలు తూర్పు నుంచి వీస్తాయి. తూర్పు ఒడ్డున అలలు రాళ్ళకేసి కొడుతుంటే, పడమటి ఒడ్డు చెరువులా ఉంటుంది. డైవింగ్ అంతా దాదాపు ఈ గాలిచాటునే. పైగా ఆ దీవికి నదుల్లేవు, వానలూ తక్కువే. గోదావరి వరద కలిసేచోట సముద్రం ఎర్రగా మారడం చూసినవాళ్ళకి ఇది వెంటనే అర్థమవుతుంది. పగడాల ఒంట్లో ఉండే సన్నటి నాచుకి ఎండ కావాలి, పగడం తిండిలో ఎక్కువ భాగం ఆ నాచే వండి పెడుతుంది. బురద నీళ్ళలో దానికి వెలుగు అందదు.

రోడ్డు పక్కన పసుపు రంగు వేసిన రాయి కనిపిస్తే, అక్కడ దిగొచ్చని గుర్తు. సిలిండర్ తగిలించుకుని నడుచుకుంటూ నీళ్ళలోకి వెళ్ళడమే, పడవ అక్కర్లేదు. కాసేపు ఈదితే ఇసుక అయిపోయి పగడాల వాలు మొదలవుతుంది. ఊపిరి నెమ్మదిగా తీస్తూ వింటే కరకరమని చప్పుడు. చిలకముక్కు లాంటి నోటితో ప్యారట్‌ఫిష్ బండల మీది నాచును గీకి తింటున్న చప్పుడది. ఆ గీకుడులో వచ్చిన సున్నపు రాయి దాని కడుపులో పిండై, తెల్లటి ఇసుకగా బయటికొస్తుంది. 1983-84లో ఏదో రోగం వచ్చి కరీబియన్ అంతటా నాచు మేసే నల్ల ముళ్ళ సీ అర్చిన్‌లు (బంతిలాంటి సముద్రజీవులు) తుడిచిపెట్టుకుపోయాయి. పగడాలను కప్పేసే ఆ బండల నాచును మేసే పని చాలావరకు ఈ చేపల మీదే పడింది. బొనేర్ 1971లోనే ఈటెలతో చేపల వేటను ఆపింది. 1979లో దీవి చుట్టూ మెరైన్ పార్క్ పెట్టింది. నాకు ఈ దీవి మీద గౌరవం కలిగింది ఇక్కడే.

అయినా గాలిని పూర్తిగా నమ్మలేం. 1999 నవంబర్‌లో లెన్నీ అనే హరికేన్ అన్నిటిలా కాకుండా పడమర నుంచి తూర్పుకి నడిచింది. బొనేర్‌కు దూరంగా ఉత్తరాన వెళ్ళినా, దాని అలలు ఎప్పుడూ ప్రశాంతంగా ఉండే పడమటి ఒడ్డునే కొట్టాయి. తక్కువ లోతులో ఉన్న పగడాలు చాలా విరిగిపోయాయి. 2023లో రాతి పగడాల కండను కరిగించే రోగం కూడా అక్కడికి చేరింది. మెదడు ఆకారపు పగడాలు దానికి త్వరగా బలైపోతాయి. వేరే దీవిలో దిగి వచ్చి ఉంటే మీ డైవింగ్ సూటూ కాళ్ళకి తొడిగే ఫిన్‌లూ శుభ్రంగా కడిగి, క్రిములు చంపే మందు నీళ్ళలో ముంచాకే ఇక్కడ దిగండి. దయచేసి ఇది మరిచిపోవద్దు.

జనవరి, ఫిబ్రవరిల్లో నీళ్ళు సుమారు 26 డిగ్రీలు. వినడానికి వెచ్చగానే ఉన్నా, నీరు ఒంటి వేడిని గాలికంటే దాదాపు 25 రెట్లు వేగంగా లాగేస్తుంది. గంటసేపట్లో వణుకు పుడుతుంది, సన్నపాటి సూట్ తప్పనిసరి.

చివరి రోజు మాత్రం నీళ్ళలో దిగకండి. వరసగా డైవ్‌లు చేసినవాళ్ళు విమానం ఎక్కడానికి ముందు కనీసం 18 గంటలు ఆగాలి, ఒంట్లో కరిగిన నైట్రోజన్ బయటికి పోవాలి కదా. ఆ పూట కారు తీసుకుని దక్షిణం వైపు వెళ్ళండి. గులాబీ రంగు ఉప్పు మడులు, వాటి దగ్గర ఫ్లెమింగోలు ఉంటాయి. ఎండతో కలిసి ఆ మడుల్లో ఉప్పు పండించేది కూడా ఆ తూర్పు గాలే.