పరుగెత్తే కుక్కల ఫోటోలు: ఐఎస్ఓ మీద ఇంత భయమెందుకు?

వారానికి ఒక్కరైనా నా దగ్గరికి ఇదే మాటతో వస్తారు. "మా కుక్క నిలబడితే ఫోటో అద్దంలా వస్తుందండీ, పరుగెత్తితే మాత్రం మసక. కెమెరా మార్చెయ్యమంటారా?" డాగ్ పార్కులో తీసిన ఫోటో చూపిస్తారు. నేను ముందు చూసేది కుక్కను కాదు, ఫోటో వివరాల్లో ఉండే రెండు అంకెల్ని. షట్టర్ స్పీడ్ (షట్టర్ ఎంతసేపు తెరిచి ఉంటుందో) సెకనులో 1/160 వంతు, ఐఎస్ఓ (అందిన వెలుతురును కెమెరా ఎంత పెంచి చూపిస్తుందో) 100. దాదాపు ప్రతిసారీ అటూ ఇటూగా ఇంతే.

అపోహ: ఐఎస్ఓ పెంచితే ఫోటో పాడవుతుంది

ఈ ఒక్క మాట వల్ల పోయినన్ని ఫోటోలు ఇంకే కారణంతోనూ పోవడం నేను చూడలేదు. "ఐఎస్ఓ 100 దాటొద్దు" అన్న సలహా ఎక్కడ మొదలైందో గానీ, ఒకరి నుంచి ఒకరికి పాకుతూనే ఉంది. ట్రైపాడ్ మీద కదలని దృశ్యాలు తీసేవారికి అది సరైన సలహానే. పరుగెత్తే కుక్క దగ్గర అదే సలహా కొంప ముంచుతుంది.

లెక్క చూడండి. కుక్క మీకు అడ్డంగా సెకనుకు 10 మీటర్ల వేగంతో దూసుకుపోతోంది అనుకుందాం. షట్టర్ 1/125 సెకను తెరిచి ఉంటే, ఆలోపే కుక్క 8 సెంటీమీటర్లు జరిగిపోతుంది. అంటే దాని కన్ను ముక్కుదాకా సాగిపోయినట్టు. 1/1000 పెడితే జరిగేది 1 సెంటీమీటరు, 1/2000 అయితే అర సెంటీమీటరు. ఇది ఒంటి వేగం మాత్రమే. ముందుకు విసిరే కాలు ఒంటికంటే వేగంగా కదులుతుంది. ముఖం బాగానే ఉండి పాదాలు చెరిగిపోయే ఫోటోలు వచ్చేది అందుకే.

1/125 నుంచి 1/1000కి వెళ్తే లోపలికొచ్చే వెలుతురు ఎనిమిదో వంతుకు తగ్గుతుంది. అపర్చర్, అంటే లెన్స్‌లో వెలుతురు వచ్చే రంధ్రం వెడల్పు, మార్చకపోతే ఆ లోటు ఐఎస్ఓ పూడ్చాలి, 100 కాస్తా 800 అవుతుంది. అంతే! పదేళ్ల నాటి కెమెరాలో కూడా నేను 1600 నిశ్చింతగా వాడతాను. నాయిస్, అంటే ఇసుక చల్లినట్టుండే చుక్కలు, వస్తే రానివ్వండి. దాన్ని సాఫ్ట్‌వేర్‌తో తగ్గించుకోవచ్చు, మామూలు సైజు ప్రింటులో చాలావరకు కనబడదు కూడా. చెరిగిపోయిన కన్నును మాత్రం ఏ సాఫ్ట్‌వేరూ ఉన్నదున్నట్టు తిరిగి తేలేదు. పోనీ ఐఎస్ఓ తగ్గించి చీకటిగా తీసి, తర్వాత కంప్యూటర్లో వెలుగు పెంచుదామంటారా? ఆ నాయిస్ అప్పుడూ బయటపడుతుంది.

ఒకావిడ మెమరీ కార్డు తెచ్చి నా చేతిలో పెట్టారు. ఆవిడ కుక్క పద్నాలుగేళ్లు బతికి అప్పటికి నెల క్రితమే పోయింది. చివరి రోజుల్లో బంతి వెంట పరుగెడుతుంటే తీసిన ఫోటోలు, దాదాపు మూడు వందలు. "కాస్త స్పష్టంగా చేసివ్వండి" అన్నారు. ఒకదాన్ని పెద్దది చేసి చూశాను. కాళ్ల దగ్గర గడ్డిపరకలు ఒక్కొక్కటీ లెక్కపెట్టేలా ఉన్నాయి. మూతి మీద మీసాలు మాత్రం పక్కకు సాగి పొగలా అయిపోయాయి. అన్నీ సాయంత్రం నీడలో, ఐఎస్ఓ 100లో తీసినవే. "పెంచొద్దన్నారండీ, అందుకే ముట్టుకోలేదు" అన్నారావిడ. తప్పు ఆవిడది కాదు. బంతి దొరికాక ఆగి, వెనక్కి తిరిగి చూసిన ఫోటో ఒక్కటి బాగా వచ్చింది. దాన్నే ప్రింటు వేసిచ్చాను. మిగతా వాటికి ఏమీ చేయలేనని చెప్పడానికి నాకు నోరు రాలేదు, అయినా చెప్పాల్సి వచ్చింది.

ఇంతకీ ఏం పెట్టుకోవాలి? మాన్యువల్ మోడ్, షట్టర్ 1/1600, అపర్చర్ మీ లెన్స్ ఎంత తెరుచుకుంటే అంత, ఐఎస్ఓ ఆటో. పైపరిమితి 6400 పెట్టి ఇక దాని సంగతి మర్చిపోండి. ఎండ ఉంటే కెమెరాయే తక్కువ ఐఎస్ఓకి దిగుతుంది.

అపోహ: స్టెబిలైజేషన్ ఉన్న లెన్స్ కొంటే సరిపోతుంది

ఇది డబ్బు పోగొట్టే అపోహ. స్టెబిలైజేషన్ ఆపేది మీ చేతి వణుకును, కుక్క పరుగును కాదు. ఏదైనా కొనేముందు పాత ఫోటోలో గడ్డి చూడండి. కుక్క పాదాల దగ్గరి గడ్డి స్పష్టంగా ఉండి కుక్క సాగిపోతే షట్టర్ నెమ్మది. కుక్కకు ముందో వెనకో ఉన్న గడ్డి స్పష్టంగా ఉంటే ఫోకస్ తప్పింది. అంతా ఒకేవైపు సాగితే కెమెరా కదిలింది.

అపోహ: బర్స్ట్ నొక్కి పట్టుకుంటే ఒక్కటైనా వస్తుంది

బర్స్ట్ అంటే బటన్ వదలకుండా వరసగా ఫోటోలు తీయడం. షట్టర్ నెమ్మదిగా ఉంటే ఇరవై తీసినా ఇరవైలోనూ మసకే. ఫోకస్ సింగిల్‌లో (ఒక్కసారి కుదిరి ఆగిపోయేది) ఉంటే మొదటిది తప్ప మిగతావి తప్పిపోతాయి, కంటిన్యువస్‌లో (కుక్కతోపాటు మారుతూ ఉండేది) పెట్టండి. ఎదురుగా వచ్చే కుక్క కంటే అడ్డంగా పరుగెత్తే కుక్క మీద ఫోకస్ నిలపడం తేలిక, అక్కడ మొదలుపెట్టండి.

పరుగు లయ తెలిస్తే ఇంకా మంచిది. గుర్రం నాలుగు కాళ్లూ ఒకేసారి గాల్లో ఉంటాయని 1878లో ఎడ్వర్డ్ మైబ్రిడ్జ్ అనే ఫోటోగ్రాఫర్ ఫోటోలతో చూపించాడు. గ్రేహౌండ్ అయితే ఒక్క అంగలోనే రెండుసార్లు గాల్లో ఉంటుంది. ఒకసారి ఒళ్లంతా బారుగా సాచి, ఇంకోసారి కాళ్లన్నీ పొట్ట కిందికి ముడుచుకుని. ఆ రెండు క్షణాల కోసం నేను గంటలు కూర్చుంటాను.

నల్ల కుక్క ఫోటోలు వెలిసిపోతే కెమెరా చెడిపోలేదు. కెమెరాలో వెలుతురు కొలిచే మీటర్ నలుపును బూడిదరంగు చేయాలని చూస్తుంది, ఎక్స్‌పోజర్ (ఫోటో వెలుగు) కాస్త తగ్గించండి. తెల్లదానికి పెంచండి.

జేబులో బిస్కెట్లు పెట్టుకుని వెళ్తే కుక్కలు బాగా చూస్తాయంటారు. తెలియని కుక్కల మధ్య తిండి బయటికి తీస్తే కొట్లాట మొదలవుతుంది, వద్దు. కింద కూర్చుని తీయండి, కోణం బాగుంటుంది. అయితే వీపు కంచెకు ఆనించుకోండి, వెనక నుంచి వచ్చి గుద్దుకునే కుక్క మీకు కనబడదు.

కొన్నింటికి లెన్స్ అంటేనే భయం. పెద్ద కన్నేదో గుచ్చి చూస్తున్నట్టు తల తిప్పేసుకుంటాయి, పెదాలు నాక్కుంటాయి, తోక ముడుస్తాయి. యజమాని టెన్షన్ పడిపోయి మెడపట్టీ పట్టుకుని ఇటు తిప్పబోతారు, అలా చేయకండి. కెమెరా ఒళ్లో పెట్టుకుని పక్కకు తిరిగి కూర్చోండి. చాలాసార్లు అదే వచ్చి లెన్స్ వాసన చూసి వెళ్తుంది. రాకపోతే ఆ రోజుకు వదిలేయండి.