పన్నుపోటు మాత్ర వెనక కథ

కనిగిరిలో మందుల షాపుకెళ్లి "పన్నుపోటన్నా, ఏదన్నా బిళ్ల ఇయ్యి" అంటే చాలు. ఏ పన్ను, ఎన్నాళ్ల నుంచి అని అడగరు. స్ట్రిప్పులోంచి నాలుగు మాత్రలు కత్తెరతో కోసి కాగితం కవర్లో వేసిస్తారు, ఎక్స్‌పైరీ తేదీ ఉన్న ముక్క షాపులోనే ఉండిపోతుంది. మా అమ్మ ఆరు నెలలు ఇలాగే నెట్టుకొచ్చింది. చివరికి దవడ వాచి ఒంగోలు తీసుకెళ్తే, ఇక పీకడమే అన్నారు.

అసలు మన పళ్ల కథ పాతది. 1937లోనే షార్ట్, పండిట్, రాఘవాచారి అనే పరిశోధకులు నెల్లూరు జిల్లాలో ఫ్లోరోసిస్ (తాగే నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లు గారపట్టి, ఎముకలు దెబ్బతినే జబ్బు) ఉందని వైద్యపత్రికలో రాశారు. కనిగిరి, పొదిలి, దర్శి అప్పట్లో నెల్లూరులోవే, 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడ్డాకే ఇటొచ్చాయి. జిల్లా పేరు మారింది గానీ బోరు నీళ్లు మారలేదు. మా వైపు పెళ్లిచూపుల్లో గారపళ్ల పిల్ల నోరు మూసుకుని నవ్వడం నేను చూశాను, ఇప్పటికీ మర్చిపోలేను. ఫ్లోరోసిస్ నివారణకంటూ కేంద్రం ప్రత్యేక కార్యక్రమం మొదలుపెట్టింది మాత్రం 2008-09లో.

ఇక మాత్ర సంగతి. మందుల చట్టం 1940ది, దంతవైద్యుల చట్టం 1948ది. నొప్పి ఒకటే అయినా ఫైళ్లు రెండు, అవి ఎక్కడా కలవవు.

మందుల ఫైలును పార్లమెంటు గట్టిగా తెరిచింది 2012 మేలో. ఆరోగ్య శాఖ స్థాయీ సంఘం 59వ నివేదికలో కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ పనితీరును కడిగేసింది. 2008 జనవరి నుంచి 2010 అక్టోబరు దాకా 31 కొత్త మందులకు మన రోగుల మీద పరీక్షలు లేకుండానే అనుమతులిచ్చారు. సంఘం చూద్దామనుకున్న 42 మందుల్లో మూడింటి ఫైళ్లే దొరకలేదు. అన్నిటికన్నా నన్ను కుదిపేసింది ఏంటంటే, మందులకు అనుమతివ్వొచ్చంటూ వేర్వేరు ఊళ్ల డాక్టర్లు రాసిన సిఫార్సు లేఖలు కొన్ని అక్షరం పొల్లుపోకుండా ఒకేలా ఉండటం, అంటే వాటిని రాసిచ్చింది కంపెనీలేనని సంఘం అనుమానించడం. కేంద్రం అనుమతి లేకుండానే రాష్ట్రాలు రెండు మూడు మందులు కలిపిన మాత్రలకు లైసెన్సులిస్తున్నాయని కూడా చెప్పింది.

మా అమ్మ మింగినవి ఇలాంటి కలగలుపు మాత్రలే. 2016 మార్చిలో ఇలాంటివి 344 రకాలు నిషేధించారు, డిసెంబరుకల్లా ఢిల్లీ హైకోర్టు ఆ ఉత్తర్వులు కొట్టేసింది, సుప్రీంకోర్టు దాకా వెళ్లొచ్చాక 2018 సెప్టెంబరులో 328 రకాల మీద మళ్లీ నిషేధం పెట్టారు. 2024 ఆగస్టులో ఇంకో 156. వాటిలో పన్నుపోటుకీ ఒళ్లునొప్పులకీ అడిగే ఎసిక్లోఫెనాక్, పారాసెటమాల్ కలిపిన మాత్ర కూడా (50, 125 మిల్లీగ్రాముల మోతాదుది) ఉంది. నిషేధాలు అవసరమే, కాదనను. కానీ మాత్ర తీసేస్తే నొప్పి ఎక్కడికి పోవాలి?

పళ్ల ఫైలు ఇంకా నెమ్మది. 1948 చట్టం స్థానంలో జాతీయ దంత కమిషన్ చట్టాన్ని పార్లమెంటు 2023లో ఆమోదించింది, అంటే 75 ఏళ్లకు. అందులో ఎక్కువ భాగం కాలేజీలు, చదువు, రిజిస్ట్రేషన్ల గురించే. మన రాష్ట్రంలో ప్రభుత్వ డెంటల్ కాలేజీలు విజయవాడలో, కడపలో ఉన్నాయి. కనిగిరి నుంచి రెండూ దూరమే, ఒక్క పన్నుకి రెండు మూడు సార్లు తిరగాలి, అన్ని రోజుల కూలీ, బస్సు చార్జీలు లెక్కేసుకున్నాకే మా వాళ్లు షాపతని కత్తెర వైపు చూస్తారు.