బడి సీటుకు ఎన్ని గుమ్మాలో

జూన్ మొదటి వారంలో మా గల్లీకి సర్కారు హైస్కూలు సార్లు, మేడమ్‌లు వస్తారు. ముందు ఇద్దరు పిల్లలు 'బడిబాట' ఫ్లెక్సీ పట్టుకుని నడుస్తుంటారు, వెనక డప్పు. "మీ బాబును మా బడిలో వెయ్యండమ్మా, బుక్కులు ఫ్రీ, డ్రెస్సు ఫ్రీ, మధ్యాహ్నం అన్నం కూడా" అని గడపగడపకీ చెప్పుకుంటూ పోతారు. అదే గల్లీ చివర మీసేవ దగ్గర ఇంకో వరస. కులం సర్టిఫికెట్, ఆదాయం సర్టిఫికెట్, బోనఫైడ్, పాస్‌పోర్టు ఫొటోలు ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని, గురుకులంలో ఖాళీ సీటేమైనా పడిందేమో అడగడానికి వచ్చినవాళ్లు. ఒక బడి పిల్లల్ని వెతుక్కుంటోంది, కొందరు పిల్లలు బడిని వెతుక్కుంటున్నారు. మధ్యలో యాభై అడుగుల దూరం.

ఐదో తరగతి దాటిన పిల్లకు హైదరాబాద్‌లో అసలు సీటే దొరకదన్న మాట లేదు. టీసీ చేతిలో ఉంటే సర్కారు హైస్కూల్లో ఆరో తరగతికి పరీక్షా లేదు, ఫీజూ లేదు. కొట్లాటంతా మిగతా కొన్ని బడుల సీట్ల కోసం. అవి ఎవరికి ఇవ్వాలన్న దానికి ఈ నగరం నూటయాభై ఏళ్లలో నాలుగు రకాల జవాబులు చెప్పింది: పుట్టుక, పరీక్ష, సిఫారసు ఉత్తరం, లాటరీ చిట్టీ. కొత్త జవాబు వచ్చిన ప్రతిసారీ పాతదాన్ని మాత్రం ఎవరూ పూర్తిగా తీసెయ్యలేదు. తల్లిదండ్రుల తిప్పలకు సగం కారణం అదే.

పుట్టుకతో మొదలుపెడదాం. 1870ల్లో వచ్చిన మదర్సా-ఎ-ఆలియా ఉమరావుల, అంటే నిజాం కొలువులోని పెద్దల, పిల్లల బడి. 1923లో బేగంపేటలో జాగీర్దార్ కాలేజీ పెట్టారు. అర్హత ఏమిటో పేరే చెప్పేస్తుంది. దరఖాస్తు పరిశీలన అంటే తండ్రి ఎవరో, తాత ఎవరో చూడటం. సీట్లు ఎలా పంచాలన్న తలనొప్పి అక్కడ పుట్టలేదు, పోటీకి రాగలిగినవాళ్లే కొద్దిమంది కనుక. మామూలు ఇళ్ల పిల్లలు మిషనరీ బడుల్లోనో, వివేకవర్ధని లాంటి సంఘసేవకుల బడుల్లోనో చదువుకున్నారు. 1949లో జాగీర్దారీ రద్దయింది. జాగీర్లే లేనప్పుడు ఆ పేరుతో కాలేజీ ఎలా నడుస్తుంది? హైదరాబాద్ పబ్లిక్ స్కూల్ అని పేరు మార్చుకుంది. ఆ గేటు సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్లీ అక్కడికే వస్తాం.

పరీక్ష అనే జవాబు పల్లె నుంచి వచ్చింది. 1971లో పి.వి. నరసింహారావు చొరవతో నల్గొండ జిల్లా సర్వేలులో గురుకుల పాఠశాల తెరిచారు. ఆలోచన సూటిగానే ఉంది: ఊళ్లలో చురుకైన పిల్లల్ని పరీక్ష పెట్టి ఏరి, ఒకచోట ఉంచి, తిండీ చదువూ సర్కారే చూసుకోవడం. తర్వాత గుంటూరు వైపు తాడికొండ, అనంతపురం వైపు కొడిగెనహళ్లి వచ్చాయి. 1980ల నుంచి ఎస్సీ, ఎస్టీ పిల్లలకు విడిగా గురుకులాలు. పి.వి. కేంద్రంలో మానవ వనరుల మంత్రిగా ఉన్నప్పుడు వచ్చిన 1986 జాతీయ విద్యా విధానంతో జిల్లాకో నవోదయ మొదలైంది. సర్వేలు నమూనాయే ఢిల్లీ దాకా వెళ్లిందని ఇక్కడివాళ్లు అంటారు. పోలికలు చూస్తే కాదనలేం.

నవోదయకు ఒక కట్టుబాటు ఉంది. ఏ జిల్లా పిల్లలు ఆ జిల్లాలోనే రాయాలి, సీట్లలో కనీసం 75 శాతం పల్లె పిల్లలవి. దాంతో పూర్తిగా పట్టణమైన హైదరాబాద్ జిల్లా లెక్కలోంచే జారిపోయింది. 2024 డిసెంబరులో కేంద్రం తెలంగాణకు 7 కొత్త నవోదయలు మంజూరు చేసింది. వాటిలో పొరుగున ఉన్న మేడ్చల్-మల్కాజిగిరి ఉంది, హైదరాబాద్ లేదు. మేడ్చల్ జిల్లా కుత్బుల్లాపూర్ పిల్లకు మంజూరైన అవకాశం హైదరాబాద్ జిల్లా కార్వాన్ పిల్లకు లేదు. పల్లెల కోసం పెట్టిన బడిని పట్నానికి అడగడం న్యాయమా అంటే, మూసీ ఒడ్డు బస్తీలు చూసొచ్చి మాట్లాడుకుందాం.

పరీక్షకు ఉన్న రోగం ఏమిటో తెలుగువాళ్లకు వేరే చెప్పాలా? పరీక్ష ఉన్నచోట కోచింగ్ మొలుస్తుంది. తొమ్మిదేళ్ల పిల్లల్ని బడి మాన్పించి మరీ నవోదయ, సైనిక్ కోచింగ్ హాస్టళ్లలో పడేస్తున్నారు. పేదింటి తెలివిని పట్టుకోవడానికి వేసిన వలలో, ముందే కోచింగ్ ఫీజు కట్టగలిగిన చేపలే ఎక్కువ పడితే తప్పు చేపది కాదు.

ఇక ఉత్తరం. కేంద్రీయ విద్యాలయాల్లో మొదటి హక్కు బదిలీలయ్యే కేంద్ర ఉద్యోగుల పిల్లలది. పికెట్, తిరుమలగిరి, గోల్కొండ, ఉప్పల్... కంటోన్మెంట్లు, కేంద్ర సంస్థలు నిండిన హైదరాబాద్‌లో ఆ బడులు చాలానే ఉన్నాయి. మామూలు పౌరుడి వంతు చివర్లో వస్తుంది. ఆ చివరి వరసను దాటించే దారి ఒకటి 1975 నుంచి ఉండేది: ఎంపీ సిఫారసు. ఒకరికి రెండు సీట్లతో మొదలై పెరిగి పెరిగి 10కి చేరింది. ఉభయ సభల ఎంపీలు 788 మందనుకుంటే ఏడాదికి 7,880 సీట్లు లెటర్‌ప్యాడ్ మీదే నడిచేవి. మార్చి వచ్చిందంటే నాయకుల ఇళ్ల ముందు చెప్పులు గుట్టలు పడేవి. పది ఉత్తరాలకు వందల చేతులు చాస్తుంటే ఎంపీలకూ అది వరం కాదు, గండం. 2022 ఏప్రిల్‌లో ఆ కోటాను ఎత్తేశారు. ఊపిరి పీల్చుకున్న ఎంపీలూ ఉండే ఉంటారు.

ప్రైవేటు బడుల్లో ఉత్తరానికి బదులు డొనేషన్ నడిచింది. ఉమ్మడి రాష్ట్రం 1983లోనే క్యాపిటేషన్ ఫీజును నిషేధిస్తూ చట్టం చేసింది. చట్టం అటకెక్కింది, డొనేషన్ 'బిల్డింగ్ ఫండ్' అయింది. అంతకుమించి చెప్పడానికేం లేదు.

2010 ఏప్రిల్ 1న విద్యాహక్కు చట్టం అమల్లోకి వచ్చింది. దాని 13వ సెక్షన్ నాకు ఇష్టమైనది, సూటిగా ఉంటుంది కనుక. పిల్లకు గానీ తల్లిదండ్రులకు గానీ వడపోత పెట్టకూడదు. పెడితే మొదటిసారి 25,000, ఆ తర్వాత ప్రతిసారీ 50,000 రూపాయల దాకా జరిమానా. డొనేషన్ తీసుకుంటే తీసుకున్నదానికి పది రెట్ల దాకా. దరఖాస్తులు ఎక్కువైతే ఏ లెక్కా చూడకుండా యాదృచ్ఛికంగా తియ్యాలి. అంటే చిట్టీ. మా అబ్బాయిని ఒక బడికి తీసుకెళ్లినప్పుడు వాళ్లు దాన్ని ఇంటర్వ్యూ అనలేదు, 'ఇంటరాక్షన్' అన్నారు. వాడికి యాపిల్ బొమ్మ చూపించి రంగు అడిగారు. నన్నేమో సొంతిల్లా అద్దిల్లా అని అడిగారు.

అదే చట్టం 12వ సెక్షన్‌లో ప్రైవేటు బడుల్లో 25 శాతం సీట్లు బలహీన వర్గాల పిల్లలవి. ఉమ్మడి రాష్ట్ర నిబంధనలు వాటిని ఇలా పంచాయి: ఎస్సీలకు 10, ఎస్టీలకు 4, అనాథలకు, వికలాంగులకు, హెచ్‌ఐవీ బాధిత పిల్లలకు కలిపి 5, మిగతా పేదలకు 6. 2012లో సుప్రీంకోర్టు ఈ కోటాను సమర్థించింది. 2014లో మైనారిటీ సంస్థలకు చట్టమే వర్తించదంది. మన నగరంలో పేరున్న పాత బడులు ఎన్ని 'సెయింట్'తో మొదలవుతాయో లెక్కేసుకోండి, ఆ తీర్పు ఎన్ని గేట్లు మూసిందో తెలుస్తుంది. ఆంధ్రప్రదేశ్ 2022-23 నుంచి 25 శాతం సీట్లు నింపడం మొదలుపెట్టింది. తెలంగాణలో మాత్రం ఏళ్ల తరబడి కాగితం మీదే ఉండిపోయింది, హైకోర్టులో వాయిదాలు నడిచాయి.

ఇంకో మెలిక ఉంది. ఆ 25 శాతం ఒకటో తరగతిలోనో నర్సరీలోనో చేరేటప్పటికే. చట్టం మొత్తం 6 నుంచి 14 ఏళ్లవాళ్లకే, అంటే ఎనిమిదో తరగతి దాకానే. హైస్కూలు అసలు మెట్లయిన తొమ్మిది, పది దాని గొడుగు బయట తడుస్తున్నాయి. కేంద్రీయ విద్యాలయంలో ఒకటికి లాటరీ, తొమ్మిదికి ప్రవేశ పరీక్ష. నవోదయ, సైనిక్ స్కూళ్లలో అయితే పదేళ్లవాడికీ పరీక్ష తప్పలేదు.

చిట్టీ మాత్రం వేరే దారిన మన దగ్గర ముందే ఉంది. ఎస్సీ, ఎస్టీ పిల్లల్ని సర్కారు ఖర్చుతో మంచి ప్రైవేటు బడుల్లో చదివించే 'బెస్ట్ అవైలబుల్ స్కూల్స్' పథకంలో, దరఖాస్తులు ఎక్కువైతే జిల్లా అధికారుల ముందు డ్రా తీస్తారు. హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లో గిరిజన పిల్లలకిచ్చే ఒకటో తరగతి సీట్లకూ అంతే. ఒకప్పుడు జాగీరు కాగితం చూపిస్తే గానీ తెరుచుకోని గేటులోంచి ఇప్పుడు తండా పిల్ల చిట్టీ పట్టుకుని లోపలికి పోతోంది.

అలాంటి డ్రా ఒకటి దగ్గరగా చూశాను. ఏ జిల్లాలోనో వద్దులెండి. మీటింగ్ హాల్లో టేబుల్ మీద మూతలేని స్టీలు డబ్బా, అందులో ఒకే కొలతకు మడిచిన చిట్టీలు. వెనక వరుసవాళ్లకు కనపడేలా డబ్బాను రెండుసార్లు కుదిపారు. దరఖాస్తు పెట్టని ఒక చిన్నపిల్లను పిలిచి తీయమన్నారు. అధికారి చిట్టీ విప్పి, వీడియో తీసే కుర్రాడి వైపు తిప్పి చూపించి నంబరు చదివారు. నంబరు పలికిన ప్రతిసారీ ఒక మూల నుంచి కేక, మిగతా హాలంతా ఊపిరి బిగబట్టడం. నా పక్కనున్న ఆవిడ కవలపిల్లలిద్దరికీ పెట్టింది. ఒక్కదానికే వచ్చింది. "ఇప్పుడు ఇంటికి పోయి రెండోదానికి ఏం చెప్పాలె?" అని నన్నడిగింది. ఎవరి మీదా కోపం తెచ్చుకోవడానికి వీల్లేని ఓటమి అది. పరీక్షలో పోతే చదవలేదనుకోవచ్చు, సిఫారసులో పోతే నాయకుణ్ని తిట్టుకోవచ్చు. అయినా నాలుగింటిలో నాకు నచ్చేది చిట్టీయే, అది అబద్ధమాడదు కనుక.

తెలంగాణ వచ్చాక గురుకులాల సంఖ్య వెయ్యి దాటింది. ఎస్సీ, ఎస్టీ, బీసీ, జనరల్ గురుకులాలు ఒకప్పుడు ఎవరి పరీక్ష వాళ్లు పెట్టుకునేవి. ఇప్పుడు ఐదో తరగతికి నాలుగింటికీ కలిపి ఒకటే పరీక్ష, 100 మార్కులకు. ఈ మొత్తం కథలో తల్లిదండ్రుల వైపు నుంచి ఆలోచించి చేసిన పని ఏదైనా ఉంటే ఇదే. కానీ మైనారిటీ గురుకులాలకు వేరే దరఖాస్తు (అక్కడ 75 శాతం మైనారిటీలకు, 25 శాతం ఇతరులకు), కేంద్రీయ విద్యాలయానికి వేరే, 'బెస్ట్ అవైలబుల్'కు వేరే. నగరం అంచు దాటితే నవోదయ, మోడల్ స్కూల్ పరీక్షలు అదనం. ఒక పిల్లకు రెండు చోట్ల సీటు వస్తుంది, ఇంకో పిల్లకు ఎక్కడా రాదు. రెండొచ్చిన పిల్ల ఒకటి వదిలేసేదాకా ఆ ఖాళీ ఎవరికీ కనపడదు. అందుకే మొదటి విడత, రెండో విడత, మిగులు సీట్లు అంటూ జాబితాలు బడులు తెరిచాక కూడా సాగుతాయి.

దీనికి మందు లోకంలో లేకపోలేదు. 1962లో డేవిడ్ గేల్, లాయిడ్ షేప్లీ అనే ఇద్దరు గణితజ్ఞులు పెళ్లి సంబంధాల ఉదాహరణతోనే దాన్ని చెప్పారు. ప్రతి పిల్లా తనకు నచ్చిన బడులను వరసగా రాస్తుంది. మొదటి బడి ఆమెను తాత్కాలికంగా ఆపి ఉంచుతుంది, మన భాషలో చెప్పాలంటే తాంబూలాలు పుచ్చుకోకుండా సంబంధం నిలిపి ఉంచడం. అంతకన్నా ముందు వరసలో ఉన్న పిల్ల వస్తే ఈమె రెండో బడికి పోతుంది. అందరి వంతులూ తేలాకే తాంబూలాలు. ఉత్తుత్తి ఆప్షన్లు పెట్టి ఎత్తులు వేయాల్సిన పని ఉండదు. న్యూయార్క్ 2003-04లో హైస్కూళ్లకు ఈ పద్ధతి తెచ్చింది. అంతకుముందు దాదాపు 30 వేల మందికి అడగని బడి అంటగట్టేవారు, తొలి ఏడాదే ఆ సంఖ్య 3 వేలకు పడిపోయింది. దీన్ని వాడుకలోకి తెచ్చిన ఆల్విన్ రాత్‌కు, షేప్లీకి 2012లో ఆర్థికశాస్త్ర నోబెల్ ఇచ్చారు.

వరసగా రాయమనడం మనకు కొత్తేం కాదు. ఇంజినీరింగ్‌కు వెబ్ ఆప్షన్లు పెట్టని ఇల్లు ఈ నగరంలో ఏది? డిగ్రీ సీట్లకు 2016 నుంచి 'దోస్త్' అనే ఆన్‌లైన్ పద్ధతి ఉంది. పదిహేడేళ్లకు ఏ కాలేజీ ఇష్టం, తర్వాత ఏది అని అడిగే సర్కారు పదేళ్లప్పుడు అన్ని బడులనూ ఒకే వరసలో పెట్టి అడగదు. ఏ సొసైటీ జాబితా దానిదే, ఏ శాఖ సర్వర్ దానిదే.

మొన్న మీసేవ దగ్గర ఒకావిడ గురుకులం మిగులు జాబితాలో పేరుందేమో చూడమని కుర్రాణ్ని అడిగింది. "రేపు రండి అమ్మా, సైటు తిరుగుతోంది" అన్నాడు. కూతురి టీసీ ఇంకా పాత బడిలోనే ఉందట. ఇప్పుడే తీసుకుంటే, రేపు గురుకులంలో రాకపోతే ఎటూ కాకుండా పోతుందని భయం. బయట డప్పు వినపడింది. బడిబాట సార్లు ఆవిడ చేతిలో కరపత్రం పెట్టారు. మడిచి అదే ప్లాస్టిక్ కవర్లో, ఆదాయం సర్టిఫికెట్ వెనక పెట్టుకుంది.