సెల్ బయోటెక్ క్లాసు: అపోహలు - వాస్తవాలు

ప్రతి సెమిస్టర్ మొదటి వారం నాకు ఇదే గోల. ఇష్టపడి ఎలెక్టివ్ తీసుకున్న సివిల్ వాళ్ళు, కంప్యూటర్స్ వాళ్ళు, కామర్స్ వాళ్ళు ఒక్కొక్కరే వచ్చి "సార్, డ్రాప్ అయిపోతాను" అంటారు. ఎవరో సీనియర్ భయపెట్టి ఉంటాడు. ఆ సీనియర్ ఈ కోర్సు చేసి ఉండడు, అది వేరే సంగతి.

అపోహ: బయాలజీ బ్యాక్‌గ్రౌండ్ లేకపోతే మనవల్ల కాదు, మొత్తం బట్టీయే.

వాస్తవం: మొదట్లో పదాలు కొత్తగా ఉంటాయి, ఆ భయం నాకు అర్థమవుతుంది. కానీ ల్యాబ్‌లో రోజూ చేసేది చాలావరకు లెక్కలే బాబూ. సెల్ కౌంటింగే తీసుకోండి, దానికి హీమోసైటోమీటర్ అనే గళ్ళ గాజు స్లైడు వాడతాం. హీమోసైటోమీటర్‌లో పెద్ద గడి 1 మి.మీ. పొడవు, 1 మి.మీ. వెడల్పు, కవర్‌స్లిప్ కింద లోతు 0.1 మి.మీ., అంటే ఆ గడిలో పట్టేది ఒక మి.లీ.లో పదివేలో వంతు. అందుకే 10,000తో గుణిస్తాం. లైఫ్ సైన్సెస్ పిల్లల్లో చాలామందికి గుణించడం తెలుసు, ఎందుకని అడిగితే కిటికీలోంచి బయటికి చూస్తారు. ఒకసారి డ్రాప్ ఫారం పట్టుకొచ్చిన సివిల్ అబ్బాయిని ఈ క్లాసు చూసి వెళ్ళమన్నాను, వాడు నేను చెప్పేలోపే బోర్డు మీద వాల్యూమ్ కట్టేసి, చచ్చిన కణాలకి నీలం పట్టించే ట్రిపాన్ బ్లూ రంగు సమానంగా కలిపాం కాబట్టి ఇంకో రెండుతో కూడా గుణించాలి కదా సార్ అన్నాడు, గడికి సగటున 50 వస్తే మి.లీ.కి 10 లక్షలు, కరెక్టే. ఆ తర్వాత పక్క బెంచీ వాళ్ళకి వాడే చెప్పాడు. ఫారం ఏమైందో నేను అడగలేదు.

కణాలు పెంచే పెద్ద ట్యాంకు, అదే బయోరియాక్టర్, దగ్గరికొస్తే ఇంజనీరింగ్ వాళ్ళే ముందుంటారు. ఫ్లాస్కులో హాయిగా పెరిగిన కణాలు పెద్ద ట్యాంకులో ఎందుకు ఊపిరాడక పోతాయి? వాల్యూమ్ పెరిగినంతగా ఉపరితలం పెరగదు, ఆక్సిజన్ నీళ్ళలో కరిగేదే తక్కువ, పోనీ గాలి ఎక్కువ పంపుదామంటే బుడగలు పగిలేచోట జంతు కణాలు కూడా పగిలిపోతాయి. ఇందులో బట్టీ ఎక్కడుంది? ఎంజైముల్ని మారుస్తూ మేలైనవి ఏరుకునే డైరెక్టెడ్ ఎవల్యూషన్‌కి 2018లో కెమిస్ట్రీ నోబెల్ అందుకున్న ఫ్రాన్సెస్ ఆర్నాల్డ్ మొదటి డిగ్రీ మెకానికల్, ఏరోస్పేస్ ఇంజనీరింగ్‌లో. డీఎన్ఏ నిర్మాణం కనిపెట్టినవాళ్ళలో ఒకడైన క్రిక్ చదివింది ఫిజిక్స్. ఇవన్నీ చెప్పినా ఇంకో వారానికి మళ్ళీ ఎవరో ఒకరు ఫారంతో వస్తారు.

అపోహ: మీడియాలో, అంటే కణాలు పెరిగే ద్రవంలో, పెన్-స్ట్రెప్ (పెన్సిలిన్, స్ట్రెప్టోమైసిన్) వేశాం, ఇంక కంటామినేషన్ రాదు, వేరే సూక్ష్మజీవులు చేరవు.

వాస్తవం: ఇది బయాలజీ పిల్లల అపోహ, చెప్పుకుంటే సిగ్గుచేటు. మైకోప్లాస్మా అనే అతిచిన్న బ్యాక్టీరియాకి సెల్ వాలే లేదు, సెల్ వాల్ మీద పనిచేసే పెన్సిలిన్ దాన్నేం చేస్తుంది? 0.22 మైక్రాన్ ఫిల్టర్‌లోంచి కూడా దూరిపోగలదు, మీడియా మసకబారదు, మామూలు మైక్రోస్కోపులో కనిపించదు. టెస్ట్ చేయాల్సిందే. చేతులు సరిగ్గా పనిచేయాల్సిందే.

మిగతావి గబగబా. ఇంక్యుబేటర్‌లో 5% కార్బన్ డయాక్సైడ్ కణాల తిండి కోసం కాదు, బైకార్బొనేట్ బఫర్‌తో కలిసి పీహెచ్ (ఆమ్లత్వం) మారకుండా నిలబెట్టడానికి. కల్చర్‌లో పెట్టిన కణాలన్నీ చావు లేకుండా పెరుగుతూనే ఉండవు, మామూలు మనిషి ఫైబ్రోబ్లాస్టులు (చర్మంలాంటి చోట్ల ఉండే కణాలు) సుమారు 40 నుంచి 60 విభజనల తర్వాత ఆగిపోతాయని శాస్త్రవేత్త హేఫ్లిక్ వాళ్ళు 1961లోనే చూపించారు, 1951 నుంచి ల్యాబుల్లో పెరుగుతున్న హీలా అనే సెల్ లైన్ క్యాన్సర్ కణాలది కాబట్టి దాని లెక్క వేరు.

స్టెమ్ సెల్స్‌తో అన్నీ నయమవుతాయా అని ఇంట్లో ఎవరికో బాగోలేని పిల్లలు క్లాసయ్యాక ఆగి మెల్లగా అడుగుతారు, వాళ్ళని మాత్రం నేను విసుక్కోను. రక్త సంబంధ జబ్బుల్లో మూలకణాల మార్పిడి దశాబ్దాలుగా జరుగుతున్న వైద్యమే, మిగతా చాలా జబ్బులకి ఇంకా ట్రయల్స్ దశే. ట్రయల్ అని చెప్పి డబ్బులు కట్టమంటే సంతకం పెట్టేముందు ఆ జబ్బు చూసే స్పెషలిస్టుని ఇంకొకరిని అడగమంటాను.

డ్రాప్ ఫారం ఇంకా చేతిలో ఉన్నవాళ్ళు ఈ వారం లాగరిథమ్స్, డైల్యూషన్ లెక్కలు ఒకసారి తిరగేసి రండి. బయాలజీ వాళ్ళు బట్టీ పట్టే క్రెబ్స్ సైకిల్ అక్కర్లేదు.