పబ్లిష్ నొక్కితే అన్నిచోట్లకూ పోయే రోజులు ఎలా పోయాయి?

తిరుపతిలో కూర్చుని శ్రీవారి దర్శనం సమాచారం రాసే చిన్న చిన్న వెబ్‌సైట్లు చాలానే ఉన్నాయి. 300 రూపాయల టికెట్ల కోటా ఎప్పుడు వదులుతారు, అంగప్రదక్షిణ టోకెన్లకు ఏం చెయ్యాలి, గరుడసేవ రోజు కొండ మీదికి బండ్లు వదులుతారా లేదా... ఇలాంటివి. నడిపేది ఒకరో ఇద్దరో. రాయడం ఒక పనైతే, రాసిందాన్ని ఫేస్‌బుక్ పేజీలో, ఎక్స్‌లో (పాత ట్విట్టర్), టెలిగ్రామ్‌లో, వాట్సాప్ గ్రూపుల్లో ఒక్కోదాంట్లో పెట్టుకుంటూ పోవడం ఇంకో పని. కొత్తగా మొదలుపెట్టినవాళ్లు అందరూ అడిగేది ఒకటే: ఇదంతా ఆటోమేటిక్‌గా పోయేట్టు పెట్టుకోలేమా? ఒకప్పుడు దాదాపు అలాగే పోయేది. గేటు తాళం చెవులు ఎవరి దగ్గరున్నాయో వాళ్లు ఒక్కొక్కటిగా మూసుకుంటూ వచ్చారు.

అంతా ఆర్‌ఎస్‌ఎస్ (RSS) ఫీడ్ అనే పద్ధతితో మొదలైంది. 1999లో నెట్‌స్కేప్ అనే బ్రౌజర్ కంపెనీ తెచ్చింది. సైట్‌లో కొత్తగా ఏం వచ్చిందో శీర్షిక, లింకు, తేదీతో సహా ఒక ఫైల్‌లో ఉంటుంది. ఏ ప్రోగ్రామ్ అయినా వచ్చి చదువుకోవచ్చు, ఎవరి అనుమతీ అడగక్కర్లేదు. 2003లో వచ్చిన, వెబ్‌సైట్లు నడిపే సాఫ్ట్‌వేర్ వర్డ్‌ప్రెస్‌లో ఆ ఫైల్ దానంతటదే తయారవుతుంది. దీన్ని చదువుకునే ట్విట్టర్‌ఫీడ్, ఐఎఫ్‌టీటీటీ, జాపియర్ లాంటి సర్వీసులు వచ్చాయి. ఫీడ్‌లో కొత్త పోస్టు కనబడగానే తీసుకెళ్లి ట్విట్టర్‌లో, ఫేస్‌బుక్‌లో పెట్టేవి. 2010లో ఫేస్‌బుక్ ఓపెన్ గ్రాఫ్ అనే పద్ధతి తెచ్చాక లింకుతోపాటు బొమ్మ, శీర్షిక కూడా అందంగా రావడం మొదలైంది. అప్పట్లో ఆ కంపెనీలకు జనం కావాలి, రోజూ కొత్త సరుకు కావాలి. అందుకే తలుపులు బార్లా తెరిచిపెట్టాయి. అది శాశ్వతమని అందరూ నమ్మారు.

2013 జులై 1న, ఫీడ్‌లు చదువుకునే గూగుల్ రీడర్ మూతపడింది. 2016లో ట్విట్టర్‌ఫీడ్ పోయింది. అసలు దెబ్బ 2018లో తగిలింది. ఆ ఏడాది మార్చిలో కేంబ్రిడ్జ్ అనలిటికా అనే రాజకీయ సలహాల కంపెనీ గొడవ బయటపడింది. కోట్ల మంది ఫేస్‌బుక్ వివరాలు ఒక బయటి యాప్ ద్వారా ఆ కంపెనీ చేతికి వెళ్లాయని తేలడంతో, ఫేస్‌బుక్ బయటి యాప్‌ల మీద గట్టిగా పడింది. ఆగస్టు 1 నుంచి సొంత ప్రొఫైల్‌లో ఏ యాప్ కూడా పోస్టు పెట్టడానికి లేకుండా చేసింది. పేజీలకు మాత్రం వీలుంచింది. పెద్ద పత్రికలకు పేజీలు ఉంటాయి కాబట్టి వాళ్లకు ఏమీ కాలేదు. సొంత పేరుతో, సొంత ప్రొఫైల్‌లో రాసుకునే చిన్నవాళ్లకే దారి మూసుకుపోయింది. ఎక్కడో ఎవరో చేసిన తప్పుకు వీళ్లు మూల్యం కట్టారు, ఇది నాకు ఇప్పటికీ అన్యాయంగానే అనిపిస్తుంది.

2023లో ట్విట్టర్ వంతు. బయటి ప్రోగ్రామ్‌లు ట్వీట్లు పెట్టడానికి వాడే దారిని (ఏపీఐ) ఉచితంగా ఇవ్వడం ఆపేస్తున్నామని ఫిబ్రవరిలో ప్రకటించింది. చివరికి మార్చిలో కొత్త రేట్లు చెప్పింది: అప్పట్లో ఉచితంగా నెలకు 1,500 ట్వీట్లు మాత్రమే పెట్టుకోనిచ్చేది, ఆపైన నెలకు 100 డాలర్ల నుంచి మొదలయ్యేది. ఒక చిన్న సైట్‌కు 1,500 ఎక్కువే. కానీ మనం వాడేది సొంత ప్రోగ్రామ్ కాదు, లక్షల సైట్ల తరఫున ట్వీట్లు పంపే జెట్‌ప్యాక్ లాంటి ప్లగిన్, అంటే వర్డ్‌ప్రెస్‌కు తగిలించుకునే అదనపు ప్రోగ్రామ్. దానికి ఆ లెక్క ఏ మూలకూ చాలదు. ఆ ఏడాదే జెట్‌ప్యాక్ ట్విట్టర్‌కు ఆటో షేరింగ్ ఆపేసింది.

మన జనం ఎక్కువగా ఉండే వాట్సాప్ సంగతి వేరు. అక్కడ ఈ తలుపు ఎప్పుడూ తెరుచుకోలేదు. పుకార్లు నమ్మి మనుషుల్ని కొట్టి చంపిన ఘటనల తర్వాత, 2018 జులైలో మన దేశంలో ఒక మెసేజ్‌ను ఒకసారికి ఐదు చాట్‌లకే ఫార్వర్డ్ చేసేలా పరిమితి పెట్టారు. బిజినెస్ ఏపీఐ ఉన్నది కంపెనీలు తమ కస్టమర్లకు మెసేజ్‌లు పంపుకోవడానికి, దానికి డబ్బు కట్టాలి. 2023 సెప్టెంబర్‌లో ఛానెల్స్ వచ్చాయి గానీ అందులోనూ మనిషే పోస్టు పెట్టాలి. అనధికార టూల్స్ ఉన్నాయి, వాడితే నంబర్ బ్లాక్ అయ్యే ప్రమాదం ఉంది. తమంతట తామే పోస్టులు పెట్టే బాట్ ప్రోగ్రామ్‌లకు 2015లోనే దారి ఇచ్చిన టెలిగ్రామ్ ఒక్కటే ఈ విషయంలో మాట మీద నిలబడింది.

ఇంతవరకూ కంపెనీల సంగతి. ఆటోమేటిక్‌గా పోవడంలోనే ఉన్న ఇబ్బంది తిరుపతి విషయాల్లో బాగా తెలుస్తుంది. కోటా తేదీ తప్పు పడిందనుకోండి. పబ్లిష్ నొక్కిన కాసేపటికే అది అన్నిచోట్లకూ చేరిపోతుంది. సైట్‌లో తేదీ సరిదిద్దినా, ఫీడ్‌లో అది పాత పోస్టే కాబట్టి టూల్ మళ్లీ పంపదు. ఫేస్‌బుక్ అయితే మొదట తీసుకున్న శీర్షికనే దాచిపెట్టుకుని చూపిస్తూ ఉంటుంది. ఫేస్‌బుక్ వాళ్ల షేరింగ్ డీబగ్గర్ అనే టూల్‌లో లింకు వేసి మళ్లీ చదివించాలి. ఈలోపు ఆ తేదీ చూసుకుని రైలు టికెట్లు బుక్ చేసుకున్నవాళ్ల గతేంటి?

పాత పోస్టులను తిప్పి తిప్పి షేర్ చేసే రివైవ్ ఓల్డ్ పోస్ట్స్ లాంటి ప్లగిన్‌లతో ఇంకా ప్రమాదం. 2024 జనవరిలో టీటీడీ అధికారిక వెబ్‌సైట్ చిరునామా మారింది. అంతకుముందు రాసిన పోస్టుల్లో పాత చిరునామానే ఉంటుంది. నకిలీ వెబ్‌సైట్లను నమ్మొద్దని టీటీడీ పదేపదే చెబుతున్నప్పుడు, పాత లింకును మనమే మళ్లీ జనం ముందుకు తోయడం చాలా తప్పు. వంటలకో, పాత గుడుల కథలకో అలాంటి ప్లగిన్ పెట్టుకోవచ్చు. దర్శనం, టికెట్లు, గదులు అనే విభాగాలను మాత్రం అందులోంచి తీసెయ్యాలి.

ప్రస్తుతానికి పని జరిగే తీరు ఇదీ: టెలిగ్రామ్‌కు బాట్, ఫేస్‌బుక్ పేజీకి ప్లగిన్. ఎక్స్‌కు ఓపిక ఉంటే చేత్తో. 2024 జూన్‌లో ఫేస్‌బుక్ కంపెనీ (మెటా) వాళ్ల థ్రెడ్స్ కూడా తన ఏపీఐ తెరిచింది, కానీ దర్శనం టికెట్ల కోసం అక్కడ వెతికేవాళ్లు నాకు కనబడలేదు. వాట్సాప్‌కు మాత్రం లింకు కాపీ చేసి, తేదీ ఇంకోసారి సరిచూసుకుని, రెండు ముక్కలు సొంతంగా రాసి పంపడమే.