లక్షణాల జాబితాలో చేరిపోయిన ఆనందం

అమెరికాలోని బాల్టిమోర్ నగరంలో పనిచేసిన లియో కానర్ అనే పిల్లల మానసిక వైద్యుడు 1943లో పదకొండు మంది పిల్లల గురించి ఒక సుదీర్ఘ పరిశోధన పత్రం ప్రచురించారు. ఆటిజాన్ని ఒక ప్రత్యేక స్థితిగా వైద్యలోకం గుర్తించడానికి పునాది వేసిన పత్రం అది. అందులో వర్ణించిన మొదటి పిల్లవాడు మిసిసిపీ రాష్ట్రంలోని ఫారెస్ట్ అనే చిన్న ఊరికి చెందిన డొనాల్డ్. గిన్నె గానీ, చెక్కదిమ్మె గానీ, గుండ్రటి వస్తువేదైనా గానీ చేతికి చిక్కితే చాలు దాన్ని గిరగిరా తిప్పేవాడనీ, అది తిరుగుతున్నంతసేపూ పట్టరాని సంతోషంతో గంతులు వేసేవాడనీ కానర్ రాశారు. తమకిష్టమైన వస్తువులతో ఈ పిల్లలు గంటల తరబడి ఆనందంగా ఆడుకోగలరని కూడా ఆయన గమనించారు. అంటే ఆటిజం గురించిన ఈ తొలినాటి పత్రంలోనే ఆనందం ఉంది. కాకపోతే అది లక్షణాల జాబితాలో చేరిపోయింది.

ఆ తర్వాతి దశాబ్దాల్లో ఆటిజం మీద వచ్చిన రచనల్లో ఎక్కువ భాగం లోపాల లెక్కే. మాటలు ఆలస్యంగా రావడం, కళ్లలోకి చూడకపోవడం, తోటి పిల్లలతో కలవకపోవడం, చిన్న మార్పును కూడా తట్టుకోలేకపోవడం వంటివన్నీ ఒక్కొక్కటిగా ఆ లెక్కలోకి ఎక్కాయి. ఆ లెక్క అబద్ధం కాదు, సహాయం అందించాలంటే అది అవసరం కూడా. అయితే గడిచిన ఇరవై ఏళ్లలో, ముఖ్యంగా ఆటిస్టిక్ వ్యక్తులే పరిశోధకులై తమ స్థితిని తామే వివరించడం మొదలుపెట్టాక, ఇంకో సంగతి తేటపడుతూ వచ్చింది. ఆటిజంలోని ఇబ్బందులూ ఆనందాలూ వేరువేరు చోట్ల పుట్టడం లేదు, రెండింటికీ ఊట ఒక్కటే. ఇది అర్థమైతే, పిల్లల్లో దేన్ని మార్చాలో, దేన్ని కాపాడాలో నిర్ణయించుకునే తీరే మారుతుంది.

ఆ ఊటను అర్థం చేసుకోవడానికి నాకు అన్నిటికన్నా ఉపయోగపడిన సిద్ధాంతం మోనోట్రోపిజం. డైనా మర్రే, మైక్ లెసర్, వెన్ లాసన్ అనే ముగ్గురు దీన్ని 2005లో ఒక శాస్త్రీయ పత్రికలో వివరించారు. వీరిలో లాసన్ స్వయంగా ఆటిస్టిక్ వ్యక్తి. మనిషికి ఒక క్షణంలో ఉండే ధ్యాస పరిమితమైనదనీ, చాలామంది దాన్ని అనేక విషయాల మీద పలచగా పరుస్తారనీ, ఆటిస్టిక్ మనసు మాత్రం ఒకటి రెండు విషయాల మీదే చిక్కగా కుమ్మరిస్తుందనీ ఈ సిద్ధాంతం చెబుతుంది. తెలుగువారికి దీన్ని చెప్పడానికి అవధానాన్ని మించిన పోలిక లేదు. సమస్య, దత్తపది, నిషిద్ధాక్షరి, మధ్యలో అప్రస్తుత ప్రసంగం, పక్కన ఘంటానాదం, ఇన్నింటినీ ఏకకాలంలో పట్టుకోగల అవధానిని మనం అసాధారణ వ్యక్తిగా గౌరవిస్తాం. పెళ్లింట్లో పదిమంది మధ్య సాగే మామూలు కబుర్లు ఆటిస్టిక్ వ్యక్తికి అచ్చంగా అలాంటి సభే. ఎదుటివారి మాట, గొంతులోని ఎగుడుదిగుళ్లు, ముఖంలోని భావం, పక్కవారి నవ్వు, సన్నాయి, లైట్లు, పూల వాసన, తన వంతు ఎప్పుడొస్తుందన్న అంచనా అన్నీ ఒకేసారి ధ్యాసను అడుగుతాయి. అక్కడ తడబడిన మనిషి ఒకే విషయం మీద కూర్చున్నప్పుడు ఎంత లోతుకు వెళ్లగలడో ఆ సభలో ఎవరికీ కనిపించదు.

రైళ్ల నంబర్లు, ఆర్టీసీ బస్సుల రూట్లు, లిఫ్టులు, గ్రహాలు, పురుగులు, రాజవంశాల వరుస వంటి ఏదో ఒక విషయం మీద ఆటిస్టిక్ పిల్లలు చూపే తీవ్రమైన ఆసక్తి ఇక్కడి నుంచే వస్తుంది. పెద్దలు దాన్ని తరచు పిచ్చి అనో, మొండితనమనో అంటారు. ఆ పిల్లలు పెద్దవారై తమ అనుభవాన్ని చెప్పినప్పుడు మాత్రం ప్రపంచమంతా ఒక క్రమంలోకి వచ్చి కూర్చున్న స్థితిని, ఆకలి, అలసట, భయం వెనక్కి తగ్గి మనసు నిండిపోయే స్థితిని వర్ణిస్తారు. అందులోంచి హఠాత్తుగా లాగేసినప్పుడు వచ్చే ఏడుపు, కోపం కూడా ఆ లోతుకు కొలతలే. రేచెల్ గ్రోవ్ బృందం ఆటిస్టిక్ పెద్దల మీద చేసి 2018లో ప్రచురించిన అధ్యయనంలో ప్రత్యేక ఆసక్తులు జీవిత సంతృప్తికి తోడ్పడుతున్నట్టు తేలింది. అదే అధ్యయనంలో, ఆసక్తి తీవ్రత మరీ పెరిగిపోయినప్పుడు ఆ మేలు తగ్గుతున్నట్టు కూడా కనిపించింది. కాబట్టి తిండీ నిద్రా మరిచేంతగా మునిగిపోయే వ్యక్తికి పక్కన ఒక మనిషి ఉండి, ముందుగా చెప్పి, మెల్లగా బయటికి తీసుకురావడం అవసరమే. ఆసక్తినే నిషేధించడం మాత్రం వేరు సంగతి, అది హాని.

ఇంద్రియాల విషయంలోనూ ఇదే కథ. ఆటిస్టిక్ వ్యక్తులకు వడపోత సరిగ్గా పనిచేయదని, అనవసరమైన శబ్దాలను, దృశ్యాలను పక్కకు నెట్టలేరని చాలాకాలం అనుకున్నారు. లండన్‌లో అన్నా రెమింగ్టన్ బృందం 2009లో ప్రచురించిన ప్రయోగం ఈ అభిప్రాయాన్ని మరోవైపు నుంచి చూపించింది. తెర మీద కొన్ని అక్షరాల మధ్య ఫలానా అక్షరాన్ని వెతకాలి, పక్కన మెరిసే మరో అక్షరాన్ని పట్టించుకోకూడదు. తెర మీది అక్షరాల సంఖ్య పెరిగేకొద్దీ, ఆటిస్టిక్ కాని వారి మెదడులో ఖాళీ మిగలక, పక్కనున్న అక్షరం వారిని తాకడం ఆగిపోయింది. ఆటిస్టిక్ వ్యక్తులను మాత్రం ఇంకా కష్టమైన దశలోనూ ఆ పక్క అక్షరం తాకుతూనే ఉంది, అయినా అసలు పనిలో వారు వెనకబడలేదు. దీన్ని వడపోత చెడిపోవడంగా కాకుండా, లోపలికి తీసుకోగల సామర్థ్యమే ఎక్కువగా ఉండటంగా అర్థం చేసుకోవాలని పరిశోధకులు వాదించారు. తర్వాత శబ్దాల మీద చేసిన ప్రయోగాలూ ఇదే దారిలో నడిచాయి. ఇలా చూసినప్పుడు, మిక్సీ మోతకు చెవులు మూసుకునే పిల్లవాడూ, తంబుర శ్రుతిలో వెంట్రుకవాసి తేడాను పట్టుకునే పిల్లవాడూ ఒక్కడే ఎందుకు కాగలడో అర్థమవుతుంది.

ఆటిస్టిక్ పిల్లల తెలివిని కొలిచే పద్ధతి మీద కెనడాలోని మాంట్రియాల్ నుంచి వచ్చిన పరిశోధనను కూడా ఇక్కడ చెప్పుకోవాలి. మిషెల్ డాసన్ ఆటిస్టిక్ పరిశోధకురాలు, లోరాన్ మోట్రాన్ మానసిక వైద్యుడు. వారి బృందం 2007లో ఒకే పిల్లలకు రెండు రకాల పరీక్షలు పెట్టింది. ఒకటి ప్రశ్నలు, పదాలు, బొమ్మలు కలగలిసిన వెక్స్లర్ పరీక్ష. రెండోది గీతల అమరికలోని సూత్రాన్ని పట్టుకుని ఖాళీని పూరించే రేవెన్ పరీక్ష, దీనికి మాటల అవసరం దాదాపుగా ఉండదు. ఆటిస్టిక్ పిల్లలు రేవెన్ పరీక్షలో సగటున 30 పర్సెంటైల్ పాయింట్లు ఎక్కువ తెచ్చుకున్నారు. మొదటి పరీక్ష ప్రకారం వారిలో మూడోవంతు మందికి బుద్ధిమాంద్యం ఉన్నట్టు లెక్క, రెండో పరీక్ష ప్రకారం అలాంటివారు 5 శాతమే. ఆటిజం లేని పిల్లల్లో ఈ రెండు పరీక్షల మధ్య అలాంటి అంతరం రాలేదు. ఏ తలుపు దగ్గర నిలబడి పిలిచామన్న దాన్ని బట్టి ఒక బిడ్డ భవిష్యత్తు మీద తీర్పు మారిపోతోందంటే, పరీక్ష పెట్టేవారి బాధ్యత ఎంత పెద్దదో ఆలోచించాలి.

మన దేశంలో ఆటిజం తీవ్రతను నిర్ధారించి ధ్రువపత్రం ఇవ్వడానికి వాడే కొలమానం ఐసా, అంటే భారతీయ ఆటిజం నిర్ధారణ మాపకం. దీన్ని తయారుచేసింది మన సికింద్రాబాద్‌లోని జాతీయ మానసిక వికలాంగుల సంస్థే, ఇప్పుడు దాన్ని ఎన్‌ఐఈపీఐడీ అంటున్నాం. అందులో 40 అంశాలు ఉంటాయి, ఒక్కొక్క దానికి ఒకటి నుంచి ఐదు వరకు మార్కులు వేస్తారు, మార్కులు పెరిగేకొద్దీ వైకల్యం ఎక్కువని అర్థం. ఆ 40లో అసాధారణమైన జ్ఞాపకశక్తి ఒక అంశం, ఏదైనా ఒక రంగంలో అద్భుత ప్రతిభ ఉండటం మరొక అంశం. అంటే నూరు పద్యాలు ఒక్కసారి విని ఒప్పజెప్పే బిడ్డకు ఆ గుణం కూడా వైకల్యం ఖాతాలోనే జమ అవుతుంది. ఆ కొలమానం ఉద్దేశం ప్రభుత్వ సహాయానికి అర్హత తేల్చడం, ఆ పని అది చేస్తోంది, దాన్ని నేను తప్పుపట్టడం లేదు. నా బాధంతా, చాలా కుటుంబాలకు తమ బిడ్డ గురించి చేతికందే ఒకే ఒక్క లిఖితపూర్వక వివరణ ఆ కాగితమే కావడం గురించి. ఈ బిడ్డకు ఏది సంతోషాన్నిస్తుంది, ఏ పనిలో గంటసేపు నిలకడగా కూర్చుంటుంది, ఏ శబ్దం విన్నప్పుడు ముఖం వెలుగుతుంది అన్న వివరాలు కూడా రాసి ఇచ్చే అలవాటు మన నిర్ధారణ కేంద్రాల్లో రావాలి. అందుకు ఖర్చేమీ లేదు.

చేతులు గాల్లో ఆడించడం, ముందుకూ వెనక్కీ ఊగడం, ఒకే మాటను పదేపదే అనడం వంటి వాటిని స్టిమింగ్ అంటారు. వాటిని మాన్పించడమే లక్ష్యంగా ఏళ్ల తరబడి థెరపీలు నడిచాయి, ఇప్పటికీ కొన్నిచోట్ల నడుస్తున్నాయి. స్టీవెన్ కాప్ బృందం 2019లో 32 మంది ఆటిస్టిక్ పెద్దలను అడిగి తెలుసుకున్నది ఏమిటంటే, మనసులో పొంగుతున్న భావాన్ని, అది ఆందోళన కావచ్చు, ఆనందం కావచ్చు, ఒక అదుపులోకి తెచ్చుకోవడానికి ఆ కదలికలు వారికి తోడ్పడుతున్నాయి. వాటిని పనిగట్టుకుని అణిచివేయడాన్ని వారు వ్యతిరేకించారు. తలను గోడకు కొట్టుకోవడం వంటి హానికరమైన చర్యలను ఆపి, వాటి వెనకున్న కారణాన్ని వెతకవలసిందే. ఎవరికీ ఏ హానీ చేయని చేతుల కదలికను, ఎవరో చూస్తున్నారన్న కారణంతో ఆపమనడంలో బిడ్డకు దక్కేది మాత్రం తన ఆనందం తప్పన్న పాఠమే. తమ సహజ స్వభావాన్ని దాచుకుని ఇతరుల్లా నటిస్తూ బతికే ఆటిస్టిక్ వ్యక్తుల్లో ఆందోళన, కుంగుబాటు ఎక్కువగా కనిపిస్తున్నాయని పలు అధ్యయనాలు చూపుతున్నాయి.

ఆటిస్టిక్ వ్యక్తులకు మనుషులతో ఆనందం ఉండదన్నది అన్నిటికన్నా గట్టిగా పాతుకుపోయిన అపోహ. బ్రిటన్‌లో డేమియన్ మిల్టన్ అనే ఆటిస్టిక్ సామాజిక శాస్త్రవేత్త 2012లో దీన్ని ప్రశ్నించారు. ఇద్దరు భిన్నమైన మనుషులు ఒకరికొకరు అర్థం కానప్పుడు ఆ లోటును ఒక్కరి మీదే ఎలా వేస్తామని ఆయన వాదన. కేథరిన్ క్రాంప్టన్ బృందం ఎడిన్‌బరోలో ఒక కథను ఒకరి నుంచి మరొకరికి చెప్పించి, గొలుసు చివరికి ఎంత మిగిలిందో లెక్కించింది. 2020లో వచ్చిన ఫలితాల ప్రకారం, అందరూ ఆటిస్టిక్ వ్యక్తులే ఉన్న గొలుసులో కథ ఆటిస్టిక్ కాని వారి గొలుసులో మిగిలినంత బాగానే మిగిలింది, ఇరువురూ కలిసిన గొలుసుల్లోనే ఎక్కువగా చెదిరింది. 2025లో ఇంకా ఎక్కువ మందితో చేసినప్పుడు కలిసిన గొలుసులు కూడా వెనకబడలేదు. రెండుసార్లూ నిలబడిన విషయం ఒకటుంది: ఆటిస్టిక్ వ్యక్తులు ఒకరికొకరు చెప్పుకోవడంలో ఏ లోపమూ కనిపించలేదు. తమలాంటి వారి మధ్య ఉన్నప్పుడు కలిగే తేలికదనం గురించి ఆటిస్టిక్ పెద్దలు ఎంతో ప్రేమగా చెబుతారు. మన నగరాల్లో తల్లిదండ్రులకు సంఘాలు ఉన్నాయి, ఆటిస్టిక్ యువతీయువకులు తమంతట తాము కలుసుకునే చోట్లు కూడా పెరగాలి.

2021లో వెలువడిన మరో పరిశోధనలో, ఒక చెడ్డ పనికి విరాళం వెళ్లేలా ఒప్పుకుంటే తమకు డబ్బు వస్తుందని పాల్గొన్నవారికి చెప్పారు. ఎవరూ చూడనప్పుడు మిగతావారు మెత్తబడ్డారు, ఆటిస్టిక్ వ్యక్తులు చూసేవారు ఉన్నా లేకున్నా ఒకేలా నిరాకరించారు. పరిశోధకులు దీన్ని నైతిక నియమాల విషయంలో పట్టువిడుపులు లేకపోవడంగా వర్ణించారు. నిజాయితీ అన్న మాట అందుబాటులో ఉండగా దాన్ని వదిలి లోపాన్ని సూచించే మాటనే ఎంచుకోవడం నన్ను ఇప్పటికీ కలవరపెడుతుంది.

ఇంత చెప్పాక ఒక హెచ్చరిక తప్పనిసరి. అద్భుతమైన గణితమో, సంగీతమో అందరిలోనూ ఉండదు. అలాంటి ప్రతిభ ఆటిస్టిక్ వ్యక్తుల్లో కొద్దిమందికే ఉంటుంది, మిగిలినవారిలో దానికోసం వెతకడం ఆ బిడ్డ మీద ఇంకో భారం మోపడమే. మాట రాని, మూర్ఛలున్న, జీవితాంతం ఇరవైనాలుగు గంటల తోడు కావలసిన వారున్నారు, వారి తల్లిదండ్రుల అలసట నిజమైనది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ఆటిజాన్ని వైకల్యంగా గుర్తించింది ప్రతిభను చూసి కాదు, ఆ హక్కులకు ప్రతిభ షరతూ కాదు. కానర్ పత్రంలోని ఆ మొదటి పిల్లవాడు, డొనాల్డ్ ట్రిప్లెట్, 2023లో 89 ఏళ్ల వయసులో కన్నుమూశారు. డిగ్రీ చదివి, సొంతవారి బ్యాంకులో పనిచేసి, గోల్ఫ్ ఆడుతూ, దేశాలు చుట్టివస్తూ, తెలిసినవారికి తలా ఒక నంబరు పెట్టి పిలుస్తూ ఆయన నిండుగా బతికారు. అందుకు ఆయన అంకెల నేర్పు ఎంత కారణమో, కలిగిన కుటుంబం, ఆయన తీరును మన్నించిన ఊరు అంతకన్నా ఎక్కువ కారణం.

అందుకే ఆనందాన్ని గమనించే పని మాట రాని పిల్లల దగ్గర మరింత శ్రద్ధగా జరగాలి. చెన్నైలో రూపొందిన ఆవాజ్ వంటి యాప్‌లతోనో, అట్ట మీద అతికించిన బొమ్మలతోనో మాట్లాడటం నేర్పేటప్పుడు పెద్దలు మొదట పెట్టే బొమ్మలు నీళ్లు, అన్నం, బాత్రూం, నొప్పి. అవి కచ్చితంగా ఉండాలి. వాటి పక్కనే తిరిగే ఫ్యాను, కుళాయి ధార, రైలు, ఊయల, ఆ బిడ్డ రోజూ వేలితో నిమిరే చీర అంచు కూడా ఉండాలి. అవసరాలు అడగడానికే మాటలు ఇస్తే బిడ్డ అడగడం మాత్రమే నేర్చుకుంటుంది. ఇష్టమైనవాటికి కూడా మాటలు ఇస్తే, వాటిని చూపించి మనల్ని పక్కన కూర్చోబెట్టుకోవడం మొదలుపెడుతుంది.