స్టాక్ ఓవర్‌ఫ్లో తగాదా: అసలు మలుపు 2019లోనే

కోడ్ రాసేవాళ్లు ప్రశ్నలు అడిగి జవాబులు పొందే సైటు స్టాక్ ఓవర్‌ఫ్లో. దానికి వచ్చే ప్రశ్నలు ఎంతగా పడిపోయాయో చూపే గ్రాఫ్ మళ్లీ చక్కర్లు కొడుతోంది. దానితోపాటే పాత వాదనా తిరిగొచ్చింది. చాట్‌జీపీటీ వచ్చి చంపేసిందని కొందరు, జవాబులు రాస్తూ సైటును చూసుకునే వలంటీర్లే కొత్తవాళ్లను కసిరి కసిరి తరిమేశారని ఇంకొందరు. సైటు ఎలా పుట్టిందో కోడ్ రాసేవాళ్లందరికీ తెలుసు, అది వదిలేద్దాం.

చాట్‌జీపీటీ వచ్చింది 2022 నవంబర్ 30న. గ్రాఫ్‌లో గీత అంతకు చాలా ముందే కిందికి తిరిగింది, 2020 లాక్‌డౌన్ నెలల్లో మాత్రం కాస్త లేచింది. కాబట్టి మొదటి వాదన సగమే నిజం.

రెండో వాదనకు బలం ఇచ్చింది కంపెనీయే. తమ సైటు కొత్తవాళ్లను ఆదరించే చోటు కాదని, అది మారాలని 2018 ఏప్రిల్‌లో బహిరంగంగా ఒప్పుకుంది. ఫిర్యాదు అబద్ధమేమీ కాదు. అమీర్‌పేటలో కోర్సు చేస్తూ మొదటి ప్రశ్న పెట్టినవాళ్లను అడగండి. ‘హలో సర్, ప్లీజ్ హెల్ప్’ అని రాస్తే ఆ ముక్క ఎడిటింగ్‌లో ఎగిరిపోతుంది. చివర పెట్టిన ‘థాంక్స్’ కూడా. ఈలోగా ప్రశ్న బాగాలేదంటూ రెండు డౌన్‌వోట్లు, పైన ఇది ముందే ఎవరో అడిగిందేనని ‘డూప్లికేట్’ ముద్ర. గుమ్మంలో చెప్పులు విడవకముందే పొమ్మన్నట్టు ఉంటుంది.

ఇక వలంటీర్ల మాట. అక్కడ జవాబు అడిగిన ఒక్కరి కోసం కాదు, రేపు గూగుల్‌లో వెతుక్కుంటూ వచ్చే వందో మనిషి కోసం. అదే ప్రశ్న నలభై చోట్ల, నలభై అరకొర జవాబులతో ఉంటే ఆ మనిషికి ఏదీ దొరకదు. ‘థాంక్స్’ తీసేసేదీ అందుకే. ఈ పనికి జీతం లేదు. ప్రశ్న మూసేయాలని, అంటే దానికి ఇక జవాబులు రాకుండా ఆపాలని ఓటు వేయాలంటే 3,000 పాయింట్లు ఉండాలి, అంటే జవాబులు రాసి రాసి అక్కడికి చేరినవాళ్లే ఆ ఓటర్లు. కొత్త సభ్యులు తమ ప్రశ్నలు, జవాబుల దగ్గర తప్ప ఇంకెక్కడా కామెంట్ పెట్టకుండా 50 పాయింట్ల గేటు పెట్టింది కూడా కంపెనీ సాఫ్ట్‌వేరే. 2018లో కొత్త ప్రవర్తనా నియమావళి వచ్చింది, కొత్తవాళ్ల పేరు పక్కన ఒక గుర్తూ వచ్చింది. వచ్చిపడే ప్రశ్నల బరువు మాత్రం వలంటీర్ల నెత్తినే ఉండిపోయింది.

అయినా వాళ్లు పని మానలేదు. మానింది 2019 సెప్టెంబర్ తర్వాత. ఆ నెలలో సభ్యుల పాత రాతలను ఇతరులు ఎలా వాడుకోవచ్చో చెప్పే లైసెన్స్ వెర్షన్‌ను కంపెనీ తనంతట తానే మార్చేసింది. నెలాఖరున ఒక మోడరేటర్‌ను, అంటే సైటు నిర్వహణ చూసే వలంటీర్‌ను, ఉన్నట్టుండి తొలగించింది. ఎవరిని ఏ సర్వనామంతో పిలవాలన్న నియమం ఇంకా ప్రకటించకముందే, దాని మీద ప్రశ్నలు అడిగినందుకని సభ్యులు అర్థం చేసుకున్నారు. (తెలుగులో ‘వారు’ అంటే గడిచిపోతుంది, ఇంగ్లిష్‌లో అంత తేలిక కాదు.) నియమం మంచిదా చెడ్డదా అన్నది కాదు వాళ్ల కోపం. ఏళ్లపాటు ఊరికే పనిచేసినవారిని, చెప్పుకునే అవకాశం కూడా ఇవ్వకుండా పంపేయడం. డజన్ల కొద్దీ మోడరేటర్లు రాజీనామా చేశారు, లేదా పని ఆపేశారు. కంపెనీ క్షమాపణ చెప్పింది, డిసెంబర్‌లో ఆ మోడరేటర్‌తో రాజీ కుదిరింది. 2020 జనవరిలో, సభ్యులకు కంపెనీలో బాగా తెలిసిన ఇద్దరు కమ్యూనిటీ ఉద్యోగుల ఉద్యోగాలు కూడా పోయాయి. గొడవ వస్తే ఫలానావారితో మాట్లాడదాం అనుకునే దారి మూసుకుపోయింది.

తర్వాతివన్నీ దాని కొనసాగింపే అనిపిస్తుంది. 2021లో ప్రోసస్ అనే పెట్టుబడుల కంపెనీ 180 కోట్ల డాలర్లకు సైటును కొనుక్కుంది. చాట్‌జీపీటీ వచ్చిన వారంలోపే అది రాసే జవాబులను నిషేధించింది వలంటీర్లే. 2023 మే చివర్లో, ఏఐ రాసిందన్న అనుమానంతో జవాబులు తీసేయడం దాదాపు ఆపేయమని కంపెనీ చెప్పింది. జూన్ 5న వలంటీర్ల సమ్మె మొదలై ఆగస్టు దాకా సాగింది.

2024 మేలో, సైటులోని జవాబులను చాట్‌జీపీటీ తయారుచేసిన ఓపెన్‌ఏఐకి అందించే ఒప్పందం ప్రకటించగానే కొందరు పాత సభ్యులు తమ జవాబులను తామే చెరిపేయబోయారు. మోడరేటర్లు వాటిని తిరిగి పెట్టేసి, వాళ్ల ఖాతాలను కొన్ని రోజులు సస్పెండ్ చేశారు. లైసెన్స్ ప్రకారం ఆ జవాబులను అక్కడే ఉంచుకునే హక్కు సైటుకు ఉంది.